"బ్లీడింగ్ అయింది కదా మేడమ్, ఇంక భయం లేదు కదా?"

గర్భం రాకుండా పిల్స్ వాడేవాళ్లు ఓపీకి వస్తే నేను ముందు అడిగేది "స్ట్రిప్ తెచ్చావామ్మా?" అని. హ్యాండ్‌బ్యాగ్ అడుగున బస్సు టికెట్ల మధ్య నలిగిపోయిన స్ట్రిప్ తీసిస్తారు, వెనక రేకు చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. రెండో వారంలో మూడు తెల్ల మాత్రలు అలాగే ఉంటాయి. "పుట్టింటికి వెళ్లి మర్చిపోయాను మేడమ్, కానీ నెలసరి వచ్చింది కదా, ఏం కాదు కదా?"

అపోహ: బ్లీడింగ్ అయితే గర్భం లేనట్టే.

ఇది నిజం కాదు. మాలా-ఎన్ అనే పిల్ స్ట్రిప్‌లో 28 మాత్రలుంటాయి, 21 తెల్లవి హార్మోన్, మిగిలిన 7 ఉత్త ఐరన్. తెల్లవి అయిపోగానే ఒంట్లో హార్మోన్ పడిపోయి గర్భసంచి లోపలి పొర రాలుతుంది, మీరు నెలసరి అనుకునేది అదే. మాత్రలు మధ్యలో ఆపినా అలాగే అవుతుంది. గర్భం నిలిచిన మొదటి వారాల్లో కూడా కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. అందుకే మాత్రలు మిస్సయి మధ్యలో కలిసి ఉంటే, కలిసిన 3 వారాలకు యూరిన్ టెస్ట్ చేసుకోండి. బట్టకైన మరకను చూసి ఏదీ తేల్చుకోవద్దు. తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు, కానీ మామూలుగా మనందరం వాడే తీరులో సుమారు ఏడుగురికి వస్తుంది. తేడా అంతా ఆ మిగిలిపోయిన మాత్రల దగ్గరే ఉంది.

అపోహ: మధ్యలో మరకలు కనిపిస్తే మాత్ర పడట్లేదు, ఆపేయాలి.

మొదటి 3 నెలలు స్పాటింగ్ చాలామందికి ఉంటుంది, టెన్షన్ పడి ఆపితేనే అసలు రిస్క్. 3 నెలలు దాటినా తగ్గకపోతే, కలిసిన తర్వాత రక్తం కనిపిస్తే మాత్రం చూపించుకోండి.

ఒక తెల్ల మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఒకే రోజు రెండైనా ఫరవాలేదు. రెండు, అంతకన్నా ఎక్కువ పోతే ఆఖరుగా మర్చిపోయినది ఒక్కటే వేసుకుని మిగతావి వదిలేసి వరస కొనసాగించండి, 7 రోజులు కండోమ్ తప్పనిసరి. అది తెల్ల మాత్రల చివరి వారమైతే ఐరన్‌వి మానేసి నేరుగా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టండి. ఐరన్ మాత్ర మర్చిపోతే గర్భం సంగతిలో ఏ తేడా ఉండదు. వేసుకున్న 3 గంటల్లోపు వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి.

ఇన్ఫెక్షన్‌కిచ్చే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌తో పిల్ పాడవదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్‌తో మాత్రం పిల్ పని తగ్గిపోతుంది, ఆ మందుల సంగతి మాకు చెప్పకుండా దాచొద్దు.

ఇంకో అపోహ మన దగ్గర మరీ ఎక్కువ. పెళ్లికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి డేట్ వాయిదా వేయడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నోరెథిస్టెరాన్ 5 ఎంజీ మాత్ర గర్భనిరోధకం కాదు. "పది రోజులు మాత్రలు వాడాం కదా, గర్భం ఎలా వచ్చింది?" అని భార్యాభర్తలిద్దరూ బిత్తరపోయి కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

టెస్ట్ పాజిటివ్ వచ్చి, బ్లీడింగ్‌తో పాటు పొత్తికడుపులో ఒకవైపు బాగా నొప్పి ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో స్కానింగ్‌లో చూడాలి. రాత్రయినా సరే, పొద్దున్న వెళ్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి, స్ట్రిప్ కూడా తెచ్చుకోండి.