కాన్ఫరెన్స్ వై-ఫై: సిగ్నల్ ఫుల్లు, మెయిల్ నిల్లు

హైదరాబాద్‌లో కాన్ఫరెన్సులకు నెట్‌వర్క్ వేసే పని నాది. హాల్లో ఏసీ ఆగిపోతే జనం సర్దుకుంటారు గానీ నెట్ ఆగితే మాత్రం నేరుగా మా టేబుల్ మీదికే వస్తారు, అదీ తప్పెక్కడుందో ముందే తేల్చుకుని మరీ. అలా రోజూ వినేవి కొన్ని.

అపోహ: "గీతలన్నీ ఉన్నాయి కదండీ, నెట్ ఎందుకు రాదు?"

ఆ గీతలు చెప్పేది ఒక్కటే, పైన బిగించిన యాక్సెస్ పాయింట్ (వై-ఫై సిగ్నల్ పంపే పెట్టె) మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో. మీ వంతు ఎప్పుడొస్తుందో అవి చెప్పవు. ఒక ఛానల్ మీద, అంటే సిగ్నల్ వెళ్లే ఒక దారిలో, మామూలుగా ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లంతా ఆగాలి, ఒకే మైకు ఉన్న సభలాగా. పాత 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానళ్లు మూడే మూడు: 1, 6, 11. ఇక 600 మంది వచ్చారంటే ఫోను, ల్యాప్‌టాప్ కలిపి 1,200 పరికరాలు అనుకోండి. పైగా మనిషి ఒళ్లంతా నీళ్లే కాబట్టి రేడియో తరంగాల్ని పీల్చేస్తుంది, అందుకే పొద్దున ఖాళీ హాల్లో పరుగులు పెట్టిన నెట్ జనం కూర్చోగానే నీరసపడుతుంది. వీలుంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, అక్కడ ఛానళ్లు చాలా ఎక్కువ.

అపోహ: "లైన్ స్పీడ్ పెంచితే సరిపోతుంది"

ఇది నిర్వాహకులది. ఒక జీబీపీఎస్ లైన్ తెచ్చి పెట్టినా ఇరుకంతా హాల్లోని గాలిలోనే ఉంటే ఆ లైన్ ఖాళీగా పడుంటుంది. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: అడ్రసులు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు, అయిపోవడం. చిన్న ఆఫీసు సెట్టింగ్‌నే తెచ్చి హాల్లో పెడితే 254 ఐపీ అడ్రసులే ఉంటాయి, ఒక్కోటి 24 గంటలపాటు ఒక్కరి పేరునే ఉండిపోతుంది, టీ బ్రేక్‌కి వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లతో సహా. ఆ తర్వాత వచ్చినవాళ్లకి "కనెక్టెడ్" అని కనిపిస్తుంది, ఏ పేజీ తెరుచుకోదు. మీ ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైందంటే అడ్రస్ దొరకలేదని అర్థం. రీస్టార్ట్ కొట్టుకుంటూ కూర్చోకుండా ఆ నంబర్ మాకు చూపించండి, ఆ 24 గంటల గడువు గంటకి తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది.

అపోహ: "వై-ఫై నెమ్మదిగా ఉంటే ఎవరి హాట్‌స్పాట్ వాళ్లు పెట్టుకుంటే పోలా?"

అసలు గొడవంతా ఇక్కడే. ప్రతి హాట్‌స్పాట్ "నేనున్నా, నేనున్నా" అని సెకనుకి దాదాపు పదిసార్లు చాటుతుంది. 40 మంది ఆన్ చేస్తే సెకనుకి 400 కేకలు, అన్నీ ఆ కొద్ది ఛానళ్ల మీదే. పక్కవాడికి పోయేది పోగా మీకూ రాదు. తప్పదంటే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి టెథరింగ్ వాడి, వై-ఫై హాట్‌స్పాట్ ఆపేయండి. ఇక స్టేజీ మీద డెమో ఇచ్చే స్పీకర్లు వై-ఫై జోలికే పోవద్దు, ల్యాన్ వైరు అడగండి. ఇస్తాం.

అపోహ: "లాగిన్ పేజీ రాలేదు, అంటే నెట్ లేదు"

చాలావరకు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి గుట్టుగా కలిపే సాఫ్ట్‌వేర్) తనంతట తానే ఆన్ అయి ఆ పేజీని అడ్డుకుంటుంది. ముందు వీపీఎన్ ఆపి, లాగిన్ అయ్యి, మళ్లీ ఆన్ చేసుకోండి. లాగిన్‌కి ఫోన్‌కొచ్చే ఓటీపీ ఎందుకని మమ్మల్ని తిట్టకండి, పబ్లిక్ వై-ఫై వాడేవాళ్లెవరో తెలియాలని 2009లోనే టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. అమెరికా సిమ్‌తో దిగిన మనవాళ్లకి ఆ ఎస్సెమ్మెస్ ఒక్కోసారి రానే రాదు, రిజిస్ట్రేషన్ డెస్క్‌లో పాస్‌పోర్టు చూపించి కూపన్ కోడ్ ఇస్తారేమో అడగండి.

అపోహ: "పబ్లిక్ వై-ఫైలో మెయిల్ తెరిస్తే పాస్‌వర్డ్ పోయినట్టే"

ఇప్పుడు పెద్ద మెయిల్ సర్వీసులన్నీ హెచ్‌టీటీపీఎస్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా పంపే పద్ధతి) మీదే నడుస్తాయి, పక్క కుర్చీలో ఉన్నవాడు గాలిలోంచి మీ పాస్‌వర్డ్ చదవలేడు. అసలు భయపడాల్సింది కాన్ఫరెన్స్ పేరుతోనే ఎవడో పెట్టిన దొంగ వై-ఫైకి. ఈ సైటు అసలుదని నమ్మకం లేదంటూ బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తే, ఎంత అర్జెంటైనా సరే, "ముందుకెళ్లు" నొక్కకండి. ఆ పేజీ మూసేయండి, అంతే.

అపోహ: "మెయిళ్లు వస్తున్నాయి, పోవట్లేదు, వై-ఫై పాడైంది"

పాడవలేదు. స్పామ్ భయంతో 25వ పోర్టు (మెయిల్ బయటికి పోయే ఒక ద్వారం) మూసేసి ఉంటారు. మెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో 587 గానీ 465 గానీ పెట్టుకోండి, లేదా బ్రౌజర్‌లోంచి పంపేయండి.

అపోహ: "విదేశంలో కాన్ఫరెన్స్ అయితే అక్కడి సిమ్ కొనుక్కుంటే చాలు"

నెట్‌కి చాలు, మెయిల్‌కి చాలదు. కొత్త ఊరు, కొత్త నెట్ చూసి జీమెయిల్ కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ వచ్చే ఇండియా సిమ్ పర్సులో పడుంటుంది. బయల్దేరే ముందే గూగుల్ అకౌంట్‌లో బ్యాకప్ కోడ్లు తీసుకోండి, పదిస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకోండి, ఆ మెయిల్‌లోనే దాచుకుంటే మాత్రం లాభం లేదు.