ఇంట్లో మిరపకు లైటు ఎన్ని గంటలు?

ఫిబ్రవరి మొదట్లో చికాగోలో పగలు పది గంటలే ఉంటుంది. మే నెల మధ్యలో పెరట్లో నాటాలంటే మాత్రం మిరప నారు అప్పటికే ఇంట్లో మొదలవ్వాలి. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది ఊరి నుంచి తెచ్చుకున్న మిరప విత్తనాలను బేస్‌మెంటులో ఎల్ఈడీ లైట్ల కింద పెంచుతారు. మొలకెత్తడానికి వెలుగు అక్కర్లేదు, 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం చాలు. మొలక పైకి వచ్చిన రోజు నుంచే లైటు లెక్క మొదలవుతుంది.

మొక్క పెరిగాక పూత రావాలంటే లైటును 12 గంటలకు తగ్గించాలని కొందరు సలహా ఇస్తుంటారు. చామంతి లాంటి మొక్కలకైతే అది నిజమే. 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పగటి నిడివిని బట్టి పూసే ఈ గుట్టు విప్పారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటిని కుదిస్తే పూసింది. మిరపకు ఈ పట్టింపు దాదాపు లేదు. కాండం మీద కొన్ని ఆకులు వచ్చాక, కొమ్మలు చీలే పంగ దగ్గర మొదటి మొగ్గ వేస్తుంది. గుంటూరు ఖరీఫ్ పంట పగటి పొద్దు 13 గంటల నుంచి 11కు తగ్గుతుండగా పూస్తుంది. చికాగో పెరట్లో 15 గంటల పగటిలోనూ అదే మిరప పూస్తుంది. కాబట్టి పూత కోసం గంటలు కోస్తే మొక్కకు తిండి కోసినట్టే.

అసలు చూడాల్సింది రోజు మొత్తం మీద ఆకుకు అందిన వెలుగు. మడికి నీళ్లు పెట్టేటప్పుడు కాలువ ఒరవడి, పారిన సమయం రెండూ చూస్తాం కదా, ఇదీ అంతే. వెలుగు రేణువులైన ఫోటాన్లను మోల్‌లలో లెక్కిస్తారు, అందులో పది లక్షలో వంతు మైక్రోమోల్. చదరపు మీటరుకు సెకనుకు 250 మైక్రోమోల్ ఫోటాన్లు ఇచ్చే లైటు 16 గంటలు వెలిగితే రోజుకు 14.4 మోల్ అందుతాయి. నారుకు ఇది చక్కగా సరిపోతుంది. కాపుకొచ్చే మొక్కకు రోజుకు 20 మోల్ దాటాలి. అదే 16 గంటలూ సెకనుకు 400 మైక్రోమోల్ ఇస్తే 23 మోల్ అవుతుంది. వెలుగు చాలకపోతే నారు సన్నగా సాగిపోతుంది. పెద్ద మొక్క అయితే మొగ్గలకు చక్కెర అందక పూత రాల్చేస్తుంది. పూత రాలగానే ఎరువు వేసేవాళ్లు ముందు లైటు ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

అలాగని 24 గంటలూ వెలిగించకూడదు. ఆకు పగలు చేసుకున్న పిండి పదార్థంలో కొంత దాచి, రాత్రి దాన్ని చక్కెరగా మార్చి వాడుకుంటుంది, మిగతా భాగాలకూ పంపుతుంది. చీకటే లేకపోతే పిండి ఆకులోనే పేరుకుంటుంది. టమాటా అయితే ఆకులు పసుపెక్కి దెబ్బతింటాయి. మిరప ఇంకాస్త తట్టుకుంటుంది గానీ దాని ఆకులూ వంకర తిరుగుతాయి. చూడ్డానికి ముడత తెగులులా ఉండొచ్చు. మందు కొట్టేముందు ఆకు అడుగున తామరపురుగులు, నల్లి ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఏమీ లేకపోతే టైమర్ చూడండి. 14 నుంచి 16 గంటల లైటు, మిగతాది చీకటి, రోజూ అదే వేళకు: నా ఓటు దీనికే.

అంతరిక్ష కేంద్రంలో గంటన్నరకోసారి సూర్యోదయం అవుతుంది. అక్కడ మొక్కకు పగలంటే లైట్లు వెలిగిన సమయమే. 2021లో నాసా అక్కడ న్యూ మెక్సికో మిరపను ఎల్ఈడీల కింద 137 రోజులు పెంచింది. వ్యోమగాములు ఆ కాయలను టాకోల్లో వేసుకుని తిన్నారు.

మేలో నారును బయటికి తెచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. చికాగోలో అప్పుడు పగలు సుమారు పద్నాలుగున్నర గంటలు, అంటే 16 గంటల లైటు కన్నా తక్కువే. కానీ మబ్బు లేని రోజున అందే వెలుగు 40 మోల్ దాటొచ్చు. నేరుగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదట నీడలో గంటసేపు ఉంచి, వారం పది రోజుల్లో మెల్లగా పూర్తి ఎండకు అలవాటు చేయాలి.