డబ్బా దారిలోనే రిపోర్టు మారిపోతుంది: యూరిన్ కల్చర్ అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. రోజూ నా బల్ల మీదికి కల్చర్‌కు (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపిన యూరిన్ డబ్బాలతో పాటు కొన్ని గట్టి నమ్మకాలూ వస్తుంటాయి.

అపోహ: కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగితే యూటీఐ (మూత్రనాళ ఇన్ఫెక్షన్) ఉన్నట్టే.
వాస్తవం: కాదు. మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఏవీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండొచ్చు. పెద్ద వయసు ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, మూత్రం పోవడానికి పైపు (క్యాథెటర్) వేసినవాళ్లలో ఇది తరచూ చూస్తాం. గర్భిణులకు, మూత్రనాళంలో కొన్ని ప్రొసీజర్లు చేయబోయేవాళ్లకు వైద్యం చేస్తాం. మిగతావాళ్లలో చాలామందికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) కనిపించాయని కంగారుపడేవాళ్లకూ ఇదే జవాబు.

అపోహ: శాంపిల్ ఎప్పుడు అందినా ఒకటే.
వాస్తవం: నా తలనొప్పంతా ఇక్కడే. పరకాలలో పొద్దున ఏడింటికి పట్టిన మూత్రం, మే ఎండలో బండి డిక్కీలో ఊరేగి పదకొండింటికి నా దగ్గరికొస్తుంది. వేడి సరిపోతే ఈ.కోలై అనే బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, అంటే గంటకు ఎనిమిది రెట్లు. మేం చూసేదేమో బ్యాక్టీరియా లెక్క మిల్లీలీటరుకు లక్ష దాటిందా అని! రెండు గంటల్లో అందించాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి, అప్పుడు 24 గంటల దాకా పనికొస్తుంది.

పట్టే పద్ధతి కూడా ఎవరూ చెప్పరు. డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్ వైపు చూపిస్తారు. "నిండా పొయ్యాల్నా బిడ్డా?" అని ఒక అవ్వ అడిగింది. సగం చాలు అవ్వా. కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టాలి.

అపోహ: పైపు ఉంటే బ్యాగులోంచి పట్టొచ్చు.
వాస్తవం: వద్దు, అది గంటల తరబడి నిల్వ ఉన్న మూత్రం. పైపుకున్న పోర్టును (శాంపిల్ తీసే చోటును) స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. పైపు వేసి రెండు వారాలు దాటితే, దాన్ని మార్చి కొత్తదాంట్లోంచి తీయాలి.

అపోహ: మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా పెరిగితే పెద్ద ఇన్ఫెక్షన్.
వాస్తవం: చాలావరకు బయటి నుంచి కలిసినవే. మళ్లీ శాంపిల్ ఇవ్వండి.

అపోహ: మందు మొదలుపెట్టాక కల్చర్ చేయించొచ్చు.
వాస్తవం: ఒక్క డోసుతోనే ఏమీ పెరగకపోవచ్చు. అత్యవసరమైతే తప్ప ముందు శాంపిల్, తర్వాత మందు.

ఈమధ్య మా ఫారంలో "లక్షణాలేంటి?" అనే గడి పెట్టాం. ఖాళీగా వస్తే వార్డుకు ఫోన్ చేస్తాను. మొదట్లో విసుక్కునేవాళ్లు. ఇప్పుడు కొన్నిసార్లు, "మంటేం లేదు మేడం, వాసనొస్తోందని పంపినం" అంటున్నారు. ఆ డబ్బాకు కల్చర్ పెట్టడం లేదు.