కృతజ్ఞత డైరీతో పీహెచ్‌డీ టెన్షన్ పోతుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో నా దగ్గర కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు ఎక్కువ. "మేడం, రోజూ కృతజ్ఞత డైరీ రాస్తున్నా, అయినా టెన్షన్ తగ్గడం లేదు" అంటుంటారు. మనకు జరిగిన మంచిని గుర్తుచేసుకుని రాసుకునే ఈ డైరీ మంచిదే. దాని చుట్టూ పేరుకున్న నమ్మకాలతోనే ఇబ్బంది.

అపోహ: రోజూ రాయకపోతే ఫలితం ఉండదు.

వాస్తవం: ఎమ్మన్స్, మెకల్లా అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం వారానికి ఒక్కసారే, ఐదు విషయాల దాకా రాసింది. చిరాకు పెట్టిన విషయాలు రాసినవాళ్ల కంటే వీళ్లకే జీవితం మెరుగ్గా అనిపించింది.

అపోహ: అమ్మానాన్నల కష్టాన్ని తలుచుకోవడమే కృతజ్ఞత.

వాస్తవం: మన పిల్లలు ఎక్కువగా నలిగేది ఇక్కడే. వేరుశనగ చేతికి రాని ఏడాది కూడా హాస్టల్ ఫీజు కట్టిన ఇళ్లు మనవి. "నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు, నాకింకా సినాప్సిస్ కూడా అవలేదు" అని రాస్తారు. అలా రాస్తే ఆ పేజీ అప్పుల చిట్టాలా తయారవుతుంది, రాత్రి నిద్ర పట్టదు. జరిగిన ఒక చిన్న సంగతి రాయమంటాను: "ఊరి నుంచి అమ్మ ఓళిగలు పంపింది, రూమ్‌లో నలుగురం కూర్చుని తిన్నాం." అంతే. దాని కింద "నేనేం చేశాను" అన్న లెక్క వద్దు. అమ్మకు ఫోన్ చేసి, బాగున్నాయని చెబితే ఇంకా మంచిది.

అపోహ: కృతజ్ఞత ఉన్నవాళ్లకు డిప్రెషన్ రాదు.

వాస్తవం: వస్తుంది. పలు అధ్యయనాలను కలిపి చూసిన 2021 నాటి విశ్లేషణలో, డిప్రెషన్, ఆందోళనల మీద ఈ సాధనల ప్రభావం కొద్దిగానే ఉందని తేలింది. నిద్ర, తిండి, చదువు రెండు వారాలుగా దెబ్బతింటుంటే డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: ఇబ్బందులు బయటికి చెబితే కృతజ్ఞత లేనట్టే.

వాస్తవం: ఫెలోషిప్ నెలల తరబడి రాకపోవడం, ఇచ్చిన చాప్టర్ గైడ్ టేబుల్ మీదే ఉండిపోవడం డైరీతో తీరే కష్టాలు కావు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీ పని వివరించి, రిపోర్టు ఇవ్వాలి. పని ఎక్కడ, ఎందుకు ఆగిందో అందులో తేదీలతో రాయండి.

గైడ్‌లకూ నా మనవి ఒకటుంది. "సీటు దొరికింది, సంతోషించు" అని స్కాలర్‌తో అనకండి. వాళ్ల చాప్టర్ ఏ వారంలోగా చదివి ఇస్తారో చెప్పండి.