నోరు కట్టుకోమంటే సరిపోదు

అతిగా తినే మనిషికి మన ఇళ్లలో దొరికే సలహా ఒక్కటే: "కాస్త నోరు కట్టుకో." పెళ్లికెళ్లినా, పండక్కెళ్లినా పిన్నో అత్తో ఈ మాట అనకుండా వదలరు. అతిగా తినే జబ్బు ఉన్నవాళ్లలో ఎంతోమంది చేస్తున్నది సరిగ్గా అదే. పగలంతా నోరు కట్టుకుంటారు, రాత్రికి కట్ట తెగుతుంది.

ఇది కక్కుర్తి కాదు. కాసేపట్లోనే చాలా ఎక్కువ తినేయడం, మధ్యలో ఆపుదామన్నా ఆపలేకపోవడం, ఇది వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు సాగడం దీని లక్షణాలు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ అనే ఈ జబ్బును అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో విడిగా గుర్తించింది. ఇలా తిని, బరువు పెరుగుతామనే భయంతో వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు మింగడమో చేస్తుంటే అది బులీమియా.

ఈ రెండింటికీ పనికొస్తున్న మాటల చికిత్స డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ, అసలు తిండి సమస్యల కోసం పుట్టలేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్షా లైన్‌హన్ అనే సైకాలజిస్టు, పదేపదే తమను తాము గాయపరచుకునే మహిళల కోసం దీన్ని తయారుచేసి, 1991లో ఫలితాలు ప్రచురించారు. మారి తీరాలని ఒత్తిడి చేస్తే వాళ్లు చికిత్స మానేస్తున్నారు. ఓదారుస్తూ కూర్చుంటే మారడం లేదు. అందుకని ఆమె రెండూ కలిపారు: నీ బాధకు కారణముంది, అయినా ఈ పద్ధతి మారాలి. చేయి కోసుకునే మనిషైనా, తలుపేసుకుని తినే మనిషైనా, భరించలేని ఒక భావం నుంచి కాసేపు తప్పించుకోవడానికే ఆ పని చేస్తుండవచ్చు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ పోలికను పట్టుకుని, డీబీటీని తిండి సమస్యలకు మలిచారు.

డీబీటీలో నాకు బాగా నచ్చేది చెయిన్ అనాలిసిస్, అంటే ఆ పనికి దారితీసిన సంఘటనల గొలుసును వెనక్కి వెతకడం. మాదాపూర్‌లో పనిచేసే ఒక అమ్మాయిని ఊహించుకోండి. రాత్రి పదకొండుకు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెప్పించుకుని, రుచి కూడా తెలియకుండా తినేసింది. థెరపిస్టు "ఎందుకు తిన్నావ్?" అని నిలదీయరు, వెనక్కి నడిపిస్తారు. ఆర్డర్ పెట్టేముందు ఏం జరిగింది? పెళ్లిచూపుల ముందు సన్నబడమని అమ్మ ఫోన్. అంతకుముందు? మీటింగులో మేనేజర్ అందరి ముందూ అన్న మాట. మధ్యాహ్నం? నాలుగు కీరా ముక్కలు. పొద్దున? టిఫిన్ లేదు. బిర్యానీ దగ్గర సంకల్పబలం చూపించమనడం దండగ. ఆ గొలుసును టిఫిన్ దగ్గర తెంపడం తేలిక, ఫోన్ పెట్టేశాక వచ్చే పది నిమిషాల్లోనూ తెంపొచ్చు.

ఆ పది నిమిషాలకు కొన్ని నైపుణ్యాలు నేర్పుతారు. తినాలనే తహతహను తీర్చకుండా, తిట్టుకోకుండా గమనిస్తే అది పెరిగి, దానంతటదే తగ్గుతుంది. సిగ్గుతో గదిలో దాక్కోవాలనిపిస్తే, తప్పేమీ చేయనప్పుడు కావాలనే నలుగురిలోకి వెళ్లాలి. ఊపిరి బిగబట్టి మొహాన్ని చల్లటి నీళ్లలో ఉంచితే గుండె వేగం తగ్గి ఉద్రేకం చల్లారుతుంది. అయితే తిండి మానేసి చిక్కిపోయినవాళ్లలో గుండె ముందే నెమ్మదిగా ఉంటుంది. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయే తప్పుతుంది. ఈ చల్లనీళ్ల చిట్కా డాక్టర్ని అడక్కుండా వాళ్లు చేయకూడదు.

ఫలితాల సంగతికొస్తే, స్టాన్‌ఫర్డ్‌లో 2001లో 44 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో, 20 వారాల చికిత్స పూర్తిచేసినవాళ్లలో 89 శాతం మంది అతిగా తినడం మానేశారు. ఆరు నెలలకు అది 56 శాతానికి దిగింది. 2010లో 101 మందితో, డీబీటీని మరో రకం గ్రూపు థెరపీతో పోల్చి చూశారు. చికిత్స ముగిసేసరికి డీబీటీ ముందుంది కానీ, ఏడాది తిరిగేసరికి చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మధ్యలో మానేసినవాళ్లు మాత్రం డీబీటీలో 4 శాతం, రెండోదాంట్లో 33 శాతం. చికిత్సలో నిలబడటమే కష్టమైన జబ్బుకు ఇది చిన్న విషయం కాదు. తిండి మానేసి చిక్కిపోయే జబ్బు అనొరెక్సియాకు మాత్రం దీన్నే మొదటి మార్గం అనలేం. టీనేజి పిల్లలైతే ముందు ప్రయత్నించాల్సింది తల్లిదండ్రులే భోజనం బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స.

హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకు పంపాలి" అనేది ఇప్పటికీ వెక్కిరింతే. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యాలయం. ఇంకా గడప దాటలేకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా డీబీటీ చేస్తామంటే ఫీజు కట్టేముందు అడగండి: రోజూ నింపే డైరీ కార్డు ఇస్తారా, వారం వారం నైపుణ్యాల క్లాసు ఉందా, ఆర్డర్ పెట్టబోయే క్షణంలో ఫోన్ చేస్తే తీస్తారా?