బ్యాండ్ గాయకుడి సోలో ఆల్బమ్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ యూసుఫ్‌గూడలో మిక్సింగ్ ఇంజనీర్‌గా, అంటే రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ సరైన పాళ్లలో కలిపే పనిలో ఉన్నాను. బ్యాండ్‌లో ముందు నిలబడి పాడిన గాయకుడు సొంత ఆల్బమ్ మొదలుపెట్టాడంటే చాలు, అది ఆలస్యమయ్యే కొద్దీ ఈ మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఇన్నేళ్లు పట్టిందంటే పాటలు కుదరలేదన్నమాట.

చాలాసార్లు పాటలు ఎక్కువై ఆగిపోతుంది. బ్యాండ్‌లో అయితే డ్రమ్మర్ "రెండో చరణం సాగుతోంది అన్నా, తీసేద్దాం" అంటాడు. కాసేపు గొడవపడి తీసేస్తారు. సోలోలో ఆ మాట అనేవాళ్లు ఉండరు. ఒకే పాటకు నాలుగు వెర్షన్లు తయారై, ఏదీ ఖాయం కాదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను, మొహం మీద "బాలేదు" అనగలిగే ఒక మనిషిని వెంట తెచ్చుకోమంటాను.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ జెనెసిస్ నుంచి 1975లో బయటికొచ్చిన గాయకుడు పీటర్ గేబ్రియల్‌నే చూడండి. 2002 తర్వాత ఆయన సొంత కొత్త పాటలతో 'ఐ/ఓ' ఆల్బమ్ వచ్చింది 2023 డిసెంబర్‌లో. అందులో ప్రతి పాటకూ రెండు స్టీరియో మిక్స్‌లు: ఒకటి స్పైక్ స్టెంట్ చేసింది, ఇంకోటి చాడ్ బ్లేక్ చేసింది. మా పనిలో ఉన్నవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని తప్పక వినాలి.

అపోహ: స్టేజీని ఊపేసిన గొంతుకు స్టూడియో ఒక లెక్కా?

డ్రమ్స్, గిటార్ల హోరు దాటి వినిపించాలని ఏళ్ల తరబడి గొంతెత్తి పాడటం అలవాటైపోతుంది. సోలోలో వాద్యాలు తగ్గాక, కండెన్సర్ మైకు ముందు అన్నీ బయటపడతాయి: ఊపిరి, పెదవుల చప్పుడు, పదం చివర మింగేసిన అక్షరం. పిచ్ కరెక్షన్‌తో శ్రుతి సరిచేయగలను. ఒత్తు లేకుండా పాడిన అక్షరానికి ఒత్తు పెట్టలేను. తెలుగు పాటలో అది చాలా పెద్ద లోటు. మైకుకు దగ్గరగా వచ్చి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు పాడమంటాను. కొందరికి ఆ గొంతు దొరకడానికే నెలలు పడుతుంది. ఆ సమయంలో వాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: సినిమాల్లో పాడటం మొదలెట్టాడు, ఇక ఆల్బమ్ రాదు.

చాలామందికి ఆల్బమ్ ఖర్చు అక్కడినుంచే వస్తుంది. చౌరస్తా బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాటతో ఇంటింటికీ చేరారు. కాకపోతే సినిమా పాటకు రిలీజ్ డేట్ ఉంటుంది. సొంత పాటకు ఉండదు కాబట్టి వెనక్కి జరిగేది అదే.

అపోహ: సౌండ్ ఎంత గట్టిగా ఉంటే అంత మేలు.

స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని సుమారు మైనస్ 14 లఫ్స్‌కు (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) సర్దేస్తుంది. విడుదలకు ముందు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్‌లో నొక్కి పెంచిన సౌండ్ అక్కడ తగ్గిపోతుంది, నొక్కినప్పుడు పోయిన డైనమిక్స్, అంటే మెల్లటి, గట్టి చోట్ల మధ్య తేడాలు మాత్రం తిరిగి రావు.

అపోహ: బ్యాండ్ పాటలు పాడింది ఆయనే కాబట్టి అవి ఆయనవే.

పాడినందుకు ఉండే హక్కు వేరు. సాహిత్యం, బాణీ, రికార్డింగ్ ఒక్కోదాని హక్కు ఒక్కొక్కరి దగ్గర ఉండొచ్చు. మొదటి పాట రికార్డు చేసే రోజే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోవాలి. పాత పాటను కొత్తగా రికార్డు చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అది లేకుండా కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్ చేయాలంటే, తొలి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక 5 ఏళ్లు ఆగాలి, ముందే నోటీసిచ్చి రాయల్టీ కట్టాలి.