స్ట్రాటా-ఈస్ట్ జాజ్ రీఇష్యూలు: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

జాజ్ రికార్డులు కొనేవాళ్ళలో బ్లూ నోట్, ఇంపల్స్ అనే లేబుల్స్ (రికార్డు కంపెనీలు) పేర్లు తెలియనివాళ్ళు ఉండరు. స్ట్రాటా-ఈస్ట్ అనండి, సగం మంది "అదెక్కడిది, ఎప్పుడూ వినలేదే" అంటారు. 1971 లో న్యూయార్క్ లో ట్రంపెట్ వాయించే చార్ల్స్ టాలివర్, పియానో వాయించే స్టాన్లీ కవెల్ ఇద్దరూ కలిసి పెట్టుకున్న లేబుల్ అది. 1970 నవంబర్ లో పెద్ద బ్యాండ్ తో ఒక ఆల్బమ్ రికార్డ్ చేసుకుని కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ తీసుకోలేదు, సరే మనమే ప్రెస్ చేయించుకుందాం అని మొదలుపెట్టారు. ఎస్ఈఎస్-1971 అనే నంబర్ తో వచ్చిన మొదటి రికార్డు అదే. అప్పటికే డెట్రాయిట్ లో కెన్నీ కాక్స్ అనే పియానిస్ట్ వాళ్ళది స్ట్రాటా అని ఒక సంస్థ ఉంది, దానికి తూర్పు వైపు శాఖ అన్నట్టు ఈ పేరు పెట్టారు. అసలు పని అంతా దాదాపు డెబ్భైల్లోనే అయిపోయింది.

చాలా ఏళ్ళుగా నేను ఎక్కువగా కొనేది, ఫ్రెండ్స్ కి వెతికి పెట్టేది ఈ లేబుల్ రీఇష్యూలే, అంటే పాత ఆల్బమ్ ని తర్వాత మళ్ళీ వేసిన రికార్డులు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు అడిగే ప్రశ్నలు చూస్తే తప్పుడు నమ్మకాలన్నీ ఇంచుమించు ఒకే రకంగా ఉంటున్నాయి, డబ్బులు కూడా అక్కడే పోతున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా.

అపోహ: ఒరిజినల్ ప్రెస్సింగే అసలు రికార్డు, రీఇష్యూ అంటే జిరాక్స్ కాపీ

ఒరిజినల్ ప్రెస్సింగ్ అంటే ఆల్బమ్ మొదటిసారి వచ్చినప్పుడు తయారైన కాపీ. ఇది అందరూ అనేమాటే, కొన్ని లేబుల్స్ విషయంలో కొంత నిజం కూడా ఉంది. టేప్ కొత్తగా ఉన్నప్పుడు కట్ చేసిన (టేప్ లోని సౌండ్ ని గ్రూవ్స్ గా, అంటే గాడులుగా చెక్కిన) రికార్డు కాబట్టి ఒరిజినల్ కి ఒక అడ్వాంటేజ్ ఉంటుంది, కాదనను. కానీ స్ట్రాటా-ఈస్ట్ వాళ్ళవి తక్కువ డబ్బులతో, తక్కువ కాపీలు ప్రెస్ చేసిన రికార్డులు. పైగా 1973 చివర్లో ఆయిల్ సంక్షోభం వచ్చింది, రికార్డు తయారయ్యే పీవీసీ కి పెట్రోలియమే ఆధారం కాబట్టి ఆ టైమ్ లో మంచి వినైల్ దొరకడం చిన్న లేబుల్స్ కి ఇంకా కష్టమైపోయింది. ఒరిజినల్ కదా అని కళ్ళు మూసుకుని కొనేస్తే పనికిరాని కాపీ చేతికొచ్చే ఛాన్స్ గట్టిగానే ఉంది.

సాక్సోఫోన్ వాయించే ఫారో శాండర్స్ ఆల్బమ్ ఇజిఫో జామ్ తీసుకోండి. అందులో టైటిల్ ట్రాక్ దాదాపు 29 నిమిషాలు, ఒక సైడ్ మొత్తం అదే. మామూలుగా ఎల్పీ లో సైడ్ కి 18 నుంచి 22 నిమిషాలు ఉంటే హాయిగా పడుతుంది. సౌండ్ గట్టిగా ఉంటే గ్రూవ్ వెడల్పుగా ఊగుతుంది, బేస్ అయితే ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది, మరి అదే డిస్క్ లో 29 నిమిషాలు పట్టాలంటే గ్రూవ్స్ దగ్గర దగ్గరగా కట్ చేయాలి, దానికోసం డిస్క్ లోకి ఎక్కించే సౌండ్ లెవెల్ తగ్గించాలి, వేరే దారి లేదు. అందుకే ఆ సైడ్ వేయగానే సౌండ్ చిన్నగా వస్తుంది, మనం వాల్యూమ్ పెంచుతాం, దాంతోపాటు యాభై ఏళ్ళ గీతలు, దుమ్ము, చిటపటలు అన్నీ పెరుగుతాయి. ఆ ట్రాక్ లో సన్నీ షారాక్ గిటార్, లియాన్ థామస్ గొంతు, ఇద్దరు బేసిస్టులు, చుట్టూ డ్రమ్స్, ఇంతమందీ మెల్లగా లేచి ఒక చోటికి చేరతారు, మొదట్లో ఉండే ఆ మెత్తటి భాగం చిటపటల్లో మునిగిపోతే మిగిలింది వినీ లాభం లేదు. శబ్దం లేని శుభ్రమైన వినైల్ మీద జాగ్రత్తగా చేసిన రీఇష్యూ ఇలాంటి ఆల్బమ్ కి ఒరిజినల్ కంటే మంచిది, ఈ మాట నేను గట్టిగానే చెప్తా. "సౌండ్ తక్కువగా ఉంది, డిఫెక్ట్ పీస్" అని రిటర్న్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ సైడ్ ఏ ప్రెస్సింగ్ లో అయినా కొంచెం అలాగే ఉంటుందండీ.

అపోహ: లేబుల్ ఒకటే కదా, ఎవరో ఒకరు మొత్తం కొనేసి వరసగా అన్నీ రీఇష్యూ చేసేయొచ్చు

ఈ లేబుల్ గురించి ఒక్క విషయమే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. మన పాత సినిమా పాటల రికార్డుల్లో హక్కులు హెచ్ఎంవీ (ఇప్పుడు సారెగామా) లాంటి కంపెనీ దగ్గర ఉంటాయి, కంపెనీ అనుకుంటే మళ్ళీ వేస్తుంది. స్ట్రాటా-ఈస్ట్ పెట్టిందే దానికి రివర్స్ లో. సెషన్ ఖర్చు ఆర్టిస్టే పెట్టుకోవాలి, మాస్టర్ టేప్, అంటే అసలు రికార్డింగ్ ఉన్న టేప్, ఆర్టిస్ట్ దగ్గరే ఉంటుంది, లేబుల్ చేసేది పేరు ఇచ్చి, ప్రెస్ చేయించి, షాపులకి చేర్చడం. అపార్ట్‌మెంట్ లాగా, బిల్డింగ్ కి పేరు ఒకటే కానీ ఏ ఫ్లాట్ వాళ్ళది ఆ ఫ్లాట్. నల్లజాతి సంగీతకారులు దశాబ్దాల తరబడి వాయించి హక్కులు మాత్రం ఇంకొకళ్ళకి రాసిచ్చేసిన ఇండస్ట్రీ లో ఇది ఎంత పెద్ద పనో ఒక్కసారి ఆలోచించండి.

దాని ఫలితం ఇప్పుడు రీఇష్యూల దగ్గర కనిపిస్తుంది. కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరన్, బ్రయన్ జాక్సన్ కలిసి చేసిన ఆల్బమ్ వింటర్ ఇన్ అమెరికా 1974 లో స్ట్రాటా-ఈస్ట్ లో వచ్చింది, కానీ 1998 లో అది సీడీ గా మళ్ళీ వచ్చింది గిల్ సొంత లేబుల్ పేరు మీద, టీవీటీ అనే ఇంకో కంపెనీ ద్వారా. సాక్సోఫోన్ వాయించే క్లిఫర్డ్ జోర్డన్ కథ ఇంకా బాగుంటుంది. ఈయన సొంత లేబుల్ పెడదామని 1968, 69 లో తనవీ, తోటివాళ్ళవీ సెషన్లు రికార్డ్ చేసి పెట్టుకున్నాడు, లేబుల్ పెట్టడం కుదరలేదు, తర్వాత వాటిల్లో కొన్ని స్ట్రాటా-ఈస్ట్ ద్వారా బయటికొచ్చాయి, ఇందాక చెప్పిన ఇజిఫో జామ్ కూడా ఆ బ్యాచ్ లోదే. 2013 లో మొజాయిక్ అనే రీఇష్యూ లేబుల్ వాళ్ళు వీటన్నిటినీ సీడీ బాక్స్ గా తెచ్చినప్పుడు అది క్లిఫర్డ్ జోర్డన్ పేరు మీద వచ్చిన బాక్స్, లేబుల్ మొత్తం బాక్స్ కాదు. అప్పట్లో బయటికి రాని సెషన్లు కూడా అందులో చేరాయి.

కాబట్టి ఒక ఆల్బమ్ నాలుగు సార్లు రీఇష్యూ అయ్యి, దాని పక్క నంబర్ ఉన్న ఆల్బమ్ ఒక్కసారి కూడా రాకపోతే అందులో కుట్రేమీ లేదు. ఆ టేప్ ఎవరి దగ్గరుందో, వారసులు ఒప్పుకున్నారో లేదో, అసలు టేప్ బతికుందో లేదో, ఇవే కారణాలు. నేను కొనేముందు ధర కంటే ముందు చూసేది వెనక కవర్ మీద లైసెన్స్ లైన్. ఎవరి అనుమతితో వేశారో స్పష్టంగా రాసుంటే ఆ డబ్బులో కొంత వాయించినవాళ్ళకో వాళ్ళ ఇంటివాళ్ళకో చేరుతుందని ఒక భరోసా. ఆ లైన్ లేని రికార్డు ఎంత చవగ్గా వచ్చినా నేను తీసుకోను, ఈ లేబుల్ విషయంలో అయితే అస్సలు తీసుకోను.

అపోహ: కేటలాగ్ నంబర్ లో ఉన్న సంవత్సరమే రికార్డ్ చేసిన సంవత్సరం

కాదు. వీళ్ళ నంబర్లు చాలావాటికి సంవత్సరంతో మొదలవుతాయి, 19733 అంటే 1973 లో వచ్చినది అని. కానీ ఇజిఫో జామ్ నంబర్ అదే అయినా రికార్డ్ చేసింది 1969 జనవరి లో. మధ్యలో నాలుగేళ్ళు టేప్ పెట్టెలోనే ఉంది. అమ్మేవాళ్ళు "1973 సెషన్" అని రాస్తుంటారు, మోసం కాదు, నంబర్ చూసి రాసేయడమే.

అపోహ: బార్‌కోడ్ లేదంటే ఒరిజినలే

ఎక్కువ డబ్బులు పోయేది దీని దగ్గరే. షాపుల్లో మొట్టమొదటి బార్‌కోడ్ స్కాన్ అయింది 1974 జూన్ లో, అదీ కిరాణా సరుకు మీద, రికార్డు కవర్ల మీదకి అది రావడానికి ఇంకా టైమ్ పట్టింది. అంటే డెబ్భైల నాటి మొదటి ప్రెస్సింగ్ అని అమ్మే ఈ లేబుల్ రికార్డు మీద బార్‌కోడ్ ఉందంటే అది కచ్చితంగా రీఇష్యూ. దీన్ని తిరగేసి "లేదు కాబట్టి ఒరిజినల్" అనడం మాత్రం తప్పు, దొంగ కాపీలు వేసేవాడు బార్‌కోడ్ ఎందుకు వేస్తాడు చెప్పండి.

కవర్ ని కిటికీ దగ్గర వెలుతురు లో పెట్టి చిన్న అక్షరాలు చూడండి. దొంగ కాపీ వేసేవాళ్ళ దగ్గర అసలు ఆర్ట్‌వర్క్ ఉండదు, ఏదో పాత కవర్ ని స్కాన్ చేసి ప్రింట్ చేస్తారు, అందుకని వెనకాల సంగీతకారుల పేర్లు రాసిన చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు ఉంటాయి, ఫోటోల్లో నలుపంతా ముద్దగా కలిసిపోయి ఉంటుంది. ఇంకో గుర్తు, పాత కవర్ మీద లోపల రికార్డు ఒరుసుకుని గుండ్రంగా ఒక అరుగుదల పడుతుంది కదా, ఆ గుండ్రటి మరక కూడా స్కాన్ లో వచ్చేసి కొత్త కవర్ మీద ప్రింట్ అయిపోయి ఉంటుంది. వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంటుంది, కంటికి మాత్రం అరిగినట్టు కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

తర్వాత డిస్క్ తీసి, పాటలు అయిపోయాక మధ్యలో అతికించిన గుండ్రటి కాగితానికి ముందు ఖాళీగా ఉండే చోట, డెడ్ వాక్స్ అంటాం, అక్కడ చూడండి. ఫోన్ టార్చ్ ని పైనుంచి కాకుండా పక్కనుంచి వాలుగా వేస్తే చేత్తో గీసిన నంబర్లు, కట్ చేసిన ఇంజనీర్ సంతకం గుర్తులు పైకి తేలతాయి. ఆ రాతని రికార్డు డేటాబేస్ లలో ఉన్న ఫోటోలతో పోల్చుకోండి. అమ్మేవాడు ఆ చోటు ఫోటో పంపనంటే అక్కడితో వదిలేయండి.

అపోహ: 180 గ్రాములుంటే సౌండ్ బాగుంటుంది

బరువుకీ గ్రూవ్ లో ఉన్న సంగీతానికీ సంబంధం లేదు. మందంగా ఉంటే కొంచెం చదునుగా ఉండొచ్చు, చేతికి బాగుంటుంది, అంతే. సౌండ్ ని తేల్చేది ఏ టేప్ నుంచి తీశారు, ఎవరు కట్ చేశారు, ప్లాంట్ లో ఎంత జాగ్రత్తగా ప్రెస్ చేశారు, ఈ మూడే.

అపోహ: మధ్యలో డిజిటల్ వచ్చిందంటే రీఇష్యూ దండగ

2022 లో మొబైల్ ఫిడిలిటీ అనే రీఇష్యూ కంపెనీ విషయం బయటపడింది, గుర్తుండే ఉంటుంది. పూర్తి అనలాగ్ (టేప్ నుంచి నేరుగా డిస్క్ కి) అని జనం నమ్మిన రికార్డుల్లో మధ్యలో డిజిటల్ కాపీ ఒక మెట్టుగా వాడారని తెలిసింది. చెప్పకుండా చేయడం తప్పే, జనానికి కోపం రావడం న్యాయమే. కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి అవే రికార్డులని అద్భుతం అని మెచ్చుకుంది కూడా ఆ జనమే. స్ట్రాటా-ఈస్ట్ లాంటి చోట యాభై ఏళ్ళ టేప్ ని ప్రతిసారీ మెషీన్ మీద తిప్పడం కంటే ఒక్కసారి జాగ్రత్తగా హై-రిజల్యూషన్ లో తీసి దాచుకోవడమే కొన్నిసార్లు టేప్ కి మంచిది. నేను అడిగేది ఒక్కటే, ఏం చేశారో కవర్ మీద రాయండి అని. "రీమాస్టర్డ్" అని ఒక్క స్టిక్కర్ వేసి సోర్స్ గురించి ఏమీ చెప్పని రీఇష్యూల మీదే నాకు అనుమానం.

అపోహ: అన్నీ స్ట్రీమింగ్ లో ఉన్నాయి, ఇంక రికార్డు ఎందుకు

చాలా ఏళ్ళు ఈ కేటలాగ్ లో ఎక్కువ భాగం అక్కడ లేనే లేదు. 2025 లో మాక్ అవెన్యూ అనే జాజ్ కంపెనీ వాళ్ళతో కలిశాక చాలా ఆల్బమ్స్ డిజిటల్ లోకి వచ్చాయి, కొన్ని వినైల్ మీద కూడా మళ్ళీ వచ్చాయి. ఇది చాలా మంచి పరిణామం, ముందు అక్కడ విని నచ్చితేనే కొనండి అనే చెప్తా. కానీ పాట పేరు చూసి ఆల్బమ్ కొనకండి. వింటర్ ఇన్ అమెరికా అనే పాట 1974 నాటి వింటర్ ఇన్ అమెరికా ఎల్పీ లో లేదు, గిల్ అరిస్టా అనే లేబుల్ కి వెళ్ళాక 1975 లో తెచ్చిన తర్వాతి ఆల్బమ్ లో ఉంది. 1974 ఎల్పీ లో బాగా పేరొచ్చిన పాట ది బాటిల్. పాట కోసం ఎల్పీ కొని, వెతుక్కుని, నిరాశ పడ్డవాళ్ళని చూశాను.

అపోహ: రీఇష్యూ వస్తే ఒరిజినల్ ధర పడిపోతుంది

నేను చూసినంతవరకు అలా జరగదు. కొత్తవాళ్ళు రీఇష్యూ లో విని ప్రేమలో పడతారు, వాళ్ళలో కొందరు ఒరిజినల్ కోసం వెతకడం మొదలుపెడతారు. పెట్టుబడి లెక్కలో రీఇష్యూలు కొనేవాళ్ళకి మాత్రం నా దగ్గర సలహా ఏమీ లేదు, అవి వినడానికి కొనేవి.

వైజాగ్, కాకినాడ వైపు ఉండేవాళ్ళకి ఒక మాట. తేమకి కాగితపు లోపలి కవర్ కి ముందు బూజు పడుతుంది, అక్కణ్ణించి రికార్డు మీదకి పాకుతుంది. రికార్డు ఇంటికి రాగానే లోపలి కవర్ మార్చేసి ప్లాస్టిక్ లైనింగ్ ఉన్నది వేయండి, పాత కాగితం పారేయకుండా విడిగా దాచండి. రికార్డులు నిలబెట్టే పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, ఎండ తగిలే గోడ అసలు వద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నా ఓటు క్లిఫర్డ్ జోర్డన్ గ్లాస్ బీడ్ గేమ్స్ కి. 1973 లో రెండు క్వార్టెట్లతో చేసిన డబుల్ ఎల్పీ, ఒకదాంట్లో పియానో స్టాన్లీ కవెల్, ఇంకోదాంట్లో సీడర్ వాల్టన్, డ్రమ్స్ మాత్రం రెండింట్లోనూ బిల్లీ హిగ్గిన్స్. ఇంగ్లాండ్ లోని ప్యూర్ ప్లెజర్ వాళ్ళ రీఇష్యూ దొరికితే తీసుకోండి. జాజ్ కొత్త అయితే కవెల్ ఒక్కడే వాయించిన మూసా వినండి, పియానో తో పాటు ఎంబీరా కూడా వాయిస్తాడు, ఆఫ్రికా లో బొటనవేళ్ళతో మీటే చిన్న వాయిద్యం అది. హిప్-హాప్ వినేవాళ్ళయితే హీత్ బ్రదర్స్ మార్చిన్ ఆన్, 1975 ది, ర్యాపర్ నాస్ పాట వన్ లవ్ లో వెనక వినిపించే ఆ ముక్క ఇందులోని స్మైలిన్ బిల్లీ సూట్ లోదే.